మాస్టారి క్యాలెండర్‌లో సున్నాలు

శనివారం సాయంత్రం అయిదు దాటాక గుంటూరు బస్టాండులో విజయవాడ నాన్‌స్టాప్ ఎక్కేవాళ్ళం, నేనూ మా మాస్టారూ. కిటికీ పక్క సీటు ఆయనది. కూర్చోగానే జేబులోంచి చిన్న డైరీ, పెన్సిలు తీసి, "ఏరా, ఈ వారం నీది ఎంత?" అని అడిగేవారు. "సున్నా మాస్టారూ" అనేవాణ్ణి. రాసుకునేవారు. దాని పక్కనే తనదీ రాసుకునేవారు. అదీ సున్నాయే. ఆ రెండు సున్నాల వంక ఒకసారి చూసుకుని డైరీ మూసేవారు. జీవితమంతా లెక్కలు చెప్పిన మనిషి. లెక్క సరిపోయినప్పుడు ఆ ముఖంలోకి వచ్చే వెలుగు ఇంటర్మీడియట్‌లో ఆయన క్లాసులో కూర్చున్నప్పటి నుంచీ నాకు తెలుసు.

అవి సిగరెట్ల లెక్క. 2016 చివరి నుంచి 2019 సెప్టెంబరు దాకా, దాదాపు మూడేళ్ళు, మా ఇద్దరి ఖాతాలో ఒక్క సిగరెట్ కూడా లేదు. ఆ మూడేళ్ళ గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఆ మూడేళ్ళూ మమ్మల్ని సిగరెట్‌కి దూరంగా ఉంచింది ఈ-సిగరెట్, అంటే నికోటిన్ లిక్విడ్‌ని బ్యాటరీతో వేడిచేసి ఆవిరిగా పీల్చే పరికరం. ఈ-సిగరెట్ అనగానే జనం గబుక్కున ఒక అభిప్రాయానికి వచ్చేస్తారు. అందుకే ఇన్నాళ్ళూ వెనకాడాను.

మాది గుంటూరు. బ్రాడీపేటలో అద్దె ఇంట్లో పెరిగాను. నాన్న ఒక పొగాకు వ్యాపారి గోడౌన్లో గుమాస్తా. బేళ్ళ నంబర్లు, తూకాలు పెద్ద పుస్తకంలో ఎక్కించడం ఆయన పని. ఇంటికొచ్చి చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తే గదంతా ఆకు వాసన. ఆరిన పొగాకు వాసన తియ్యగా ఉంటుంది. కాల్చిన తర్వాత వచ్చే కంపుకీ దానికీ పోలికే లేదు. చిన్నప్పుడు ఆ చొక్కాలో ముఖం పెట్టుకుని పడుకునేవాణ్ణి. గ్రేడింగు పనికి వెళ్ళే ఆడవాళ్ళు పొద్దుగూకే వేళ గుంపులుగా మా వీధి మీదుగా ఇళ్ళకు పోయేవాళ్ళు. ఎంత తోముకున్నా ఆ చేదు చేతులను వదలదని, అన్నం ముద్ద కూడా చేదుగానే ఉంటుందని మా పక్కింటి పిన్నిగారు అనేవారు. ఆవిడా ఆ పనికే వెళ్ళేవారు. టొబాకో బోర్డు నేను పుట్టడానికి రెండేళ్ళ ముందు, 1976లో వచ్చింది. దాని ప్రధాన కార్యాలయం మా ఊళ్ళోనే. మిర్చి ఎంతో పొగాకూ అంతే, మా ఊళ్ళో చాలా ఇళ్ళల్లో పొయ్యి వెలిగించింది. అలాంటి ఊళ్ళో సిగరెట్ కాల్చడం తప్పని ఎవరూ గట్టిగా అనేవారు కాదు. నాన్న కాల్చేవారు. నేను డిగ్రీ రెండో ఏట, 1997లో, మొదలుపెట్టాను.

నాన్న 2011లో పోయారు. చివరి రెండేళ్ళూ ఆయన గాలి కోసం పడిన యాతన ఇంకా నా కళ్ళలోనే ఉంది. మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, ముందుకు వంగి, పెదవులు ముడిచి మెల్లగా గాలి వదిలేవారు. డాక్టరు గారు అలా నేర్పారు. రాత్రి రెండింటికి మెలకువ వస్తే, ఆ చీకట్లో ఆ సన్నని శబ్దం వినపడేది. అది విన్న నేనే, ఆయన పెద్దకర్మ అయిన రోజు సందు చివర నిలబడి వరసగా రెండు కాల్చాను. సిగరెట్ మానలేని మనిషికి భయం లేకపోవడమో, బుద్ధి లేకపోవడమో కారణం అనుకునేవాళ్ళకి ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది. భయం ఉంది. బుద్ధీ ఉంది. చెయ్యి మాత్రం జేబులోకే పోతుంది.

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు డల్లాస్ నుంచి మా బావ వచ్చాడు. స్నానం చేసి వచ్చిన రోజు సాయంత్రం మేడ మీదికి తీసుకెళ్ళి, పెన్నుకంటే కాస్త లావుగా ఉన్న లోహపు గొట్టం ఒకటి నా చేతిలో పెట్టాడు. "బామ్మర్దీ, దీన్ని నోటి నిండా లాగొద్దు. మెల్లగా లాగు" అన్నాడు. మొదటిసారి బాగా దగ్గొచ్చింది. పుదీనా రుచి. మూడు వారాలు అదీ సిగరెట్టూ రెండూ నడిచాయి. వినాయక చవితి తర్వాత ఒక రోజు, సాయంత్రం దాకా సిగరెట్ గుర్తు రాలేదని రాత్రి గుర్తొచ్చింది. పంతొమ్మిదేళ్ళలో అలాంటి రోజు అదే మొదటిది. మా ఆవిడకి చెబితే నమ్మలేదు. దగ్గరికొచ్చి నా చొక్కా వాసన చూసింది.

ఆ దసరా సెలవుల్లో శంకర్ విలాస్ సెంటర్లో మాస్టారు కనిపించారు. బ్రిడ్జి గోడకి చెయ్యి ఆనించి దగ్గుతున్నారు. రెండో చేతి వేళ్ళ మధ్య సిగరెట్. 1994లో ఇంటర్ మొదటి సంవత్సరంలో మాకు లెక్కలు చెప్పిన మనిషి, అప్పటికి రిటైరై నాలుగేళ్ళు. టీ తాగుతూ ఇంటికి రమ్మన్నారు. హాల్లో గోడకి తెలుగు క్యాలెండర్ వేలాడుతోంది. తిథి, నక్షత్రం, వర్జ్యం ఉండే మామూలు క్యాలెండరే. ప్రతి తేదీ గడిలోనూ పెన్సిలుతో ఒక అంకె ఉంది. 38. 41. 36. 40. "రోజూ ఎన్ని కాల్చానో రాస్తున్నానురా. 2009లో డాక్టరు రాయమన్నాడు. రాస్తే తగ్గుతాయన్నాడు. ఏడేళ్ళ నుంచీ రాస్తున్నాను. తగ్గింది లేదు" అన్నారు. నా జేబులోని గొట్టం తీసి ఆయన ముందు పెట్టాను.

అయ్యవారికి నేను నేర్పిన విద్య అదొక్కటే. కాయిల్, అంటే లోపల లిక్విడ్‌ని వేడిచేసే వైరు చుట్ట, చుట్టడం. ఆయన అది ఎంత ఇష్టంగా నేర్చుకున్నారో చెప్పాలి. సన్నని వైరు ముక్క కత్తిరించి, చిన్న స్క్రూడ్రైవర్ కాడ చుట్టూ ఎనిమిది చుట్లు తిప్పేవారు. ఒక చుట్టుకీ ఇంకో చుట్టుకీ మధ్య సందులో వెంట్రుకంత హెచ్చుతగ్గు కూడా ఉండకూడదు. వైరు కొసలు రెండూ బిగించి, మీటరులో ఓమ్స్, అంటే వైరు నిరోధం, చూసి, డైరీలో రాసి, అప్పుడు బటన్ నొక్కేవారు. వైరు నడిమధ్య నుంచి ఎర్రబడి రెండు అంచుల వైపూ వెలుగు పాకాలి. అంచు ముందు ఎర్రబడిందంటే చుట్టు సరిగా లేనట్టే. చిన్న పట్టకారుతో సరిచేసి మళ్ళీ నొక్కేవారు. ఆ తర్వాత దూది. బిగుతుగా దూరిస్తే లిక్విడ్ అందక దూది మాడి గొంతు పట్టేస్తుంది, వదులైతే కారుతుంది. జడ అల్లే ముందు పాయ తీసినట్టు రెండు వేళ్ళ మధ్య దూదిని సాగదీసి, మధ్యలో సన్నం చేసి, కాయిల్‌లోంచి దూర్చి, అటూ ఇటూ మెల్లగా ఆడించేవారు. "పట్టీ పట్టనట్టు ఉండాలిరా" అనేవారు. నలభై ఏళ్ళు అగ్గిపుల్లకీ సిగరెట్టుకీ అలవాటైన ఆ వేళ్ళకి పని దొరికింది. సగం సిగరెట్ అక్కడే మానిపోయిందని నా నమ్మకం.

లిక్విడ్‌లో నికోటిన్ మిల్లీలీటరుకి 18 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాం. తర్వాత 12, ఆ తర్వాత 6. నేను 2019 వేసవికి 3కి వచ్చాను, మాస్టారు 6 దగ్గర ఆగారు. నికోటిన్ మానలేదు, సిగరెట్ మానాం. ఆ తేడా మాకు బాగా తెలుసు. ఆవిరి మంచిదని మేము ఎవరికీ చెప్పలేదు. కాలే ఆకు నుంచి వచ్చే తారు, కార్బన్ మోనాక్సైడు ఇందులో లేవన్న ఒక్క మాట పట్టుకుని ఉన్నాం. ఇంగ్లండ్‌లో పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ అనే ప్రభుత్వ సంస్థ 2015లో, ఇది సిగరెట్ కంటే దాదాపు 95 శాతం తక్కువ హాని అని అంచనా ఇచ్చింది. ఆ కాగితం ప్రింటు తీయించి మాస్టారు ఫైల్లో పెట్టుకున్నారు. 2017 క్యాలెండర్ చూడాల్సింది. జనవరి నుంచి డిసెంబరు దాకా ప్రతి గడిలోనూ సున్నా. పండగ రోజుల ఎర్ర అంకెల పక్కన కూడా సున్నా.

విజయవాడలో మేము ఏడుగురం. బీసెంట్ రోడ్డు దగ్గర సందులో మొబైల్ సామాన్ల కొట్టు తమ్ముడు ఉండేవాడు. వాళ్ళ కొట్లో ఒక అద్దాల అర మా కోసమే. ఒక మెడికల్ రెప్, రైల్వేలో పనిచేసే అన్న, సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు ఇద్దరు, నేను, మాస్టారు. పుష్కరాలకి బాగుచేసిన పద్మావతి ఘాట్ మెట్ల మీద శనివారం కలిసేవాళ్ళం. బస్టాండుకి దగ్గర కదా, రాత్రి ఎనిమిదిన్నరకి గుంటూరు బస్సు అందుకోవడానికి మాకు వీలు. మాటలన్నీ దూది గురించి, బ్యాటరీల గురించి, ఎవరికి దగ్గు తగ్గింది, ఎవరు మెట్లు ఆయాసం లేకుండా ఎక్కారు అన్నదాని గురించి. రైల్వే అన్న ఒకసారి గుణదల కొండ మధ్యలో ఆగకుండా ఎక్కానని చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ప్రకాశం బ్యారేజీ దీపాలు నీళ్ళలో పడి వణుకుతుంటే, ఆ గాలికి కూర్చుని, బాగవుతున్నాం అన్న నమ్మకంతో గడిపిన సాయంత్రాలవి. అంత నిశ్చింతగా నేను మళ్ళీ ఎప్పుడూ ఏ గుంపులోనూ కూర్చోలేదు.

2018 ఆగస్టు చివర్లో కేంద్ర ఆరోగ్యశాఖ వీటిని అమ్మనివ్వొద్దని రాష్ట్రాలకు సూచన పంపింది. అక్కడి నుంచి మా మాటల తీరు మారింది. దూది పోయి ఢిల్లీ వచ్చింది. రెప్ ప్రతి శనివారం ఫోన్లో వార్తలు చదివేవాడు. 2019 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కేంద్రం సర్క్యులర్ మీద స్టే ఇచ్చి, ఇవి డ్రగ్ అనే నిర్వచనంలోకి రావని ప్రాథమికంగా అన్నప్పుడు కొట్టు తమ్ముడు అందరికీ మిఠాయి పంచాడు. మేలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పూర్తిగా నిషేధించమని చెప్పినప్పుడు ఎవరం మాట్లాడలేదు. జూలైలో ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ వైపు రెండు ప్రభుత్వాసుపత్రుల్లోనే ఈ-సిగరెట్లు అమ్మే వేప్ షాపులు తెరిచారని చదివి, "ఒకే వస్తువు, అక్కడ మందు, ఇక్కడ నేరం" అని రెప్ కోపంగా అరిచాడు. మెట్ల మీద బట్టలు ఉతుక్కుంటున్న ఆడమనిషి తలెత్తి చూసింది.

మాస్టారు అరవలేదు. ఉత్తరాలు రాశారు. గీతల ఫుల్‌స్కేప్ కాగితం, ఎడమ వైపు వేలెడు మార్జిన్, గుండ్రటి చేతిరాత. "అయ్యా, నా వయసు 65 సంవత్సరాలు. విశ్రాంత గణిత అధ్యాపకుడిని. 2009 నుండి నేను రోజుకు కాల్చిన సిగరెట్ల సంఖ్య నా వద్ద రాసి ఉన్నది. జతపరచుచున్నాను." అని మొదలయ్యేది. పాత క్యాలెండర్ల జెరాక్సు జతచేసేవారు, 2016 ఒకటి, 2017 ఒకటి. ముప్పై ఎనిమిదులు, నలభై ఒకట్లు నిండిన కాగితం, దాని వెనక సున్నాల కాగితం. వాదన ఏమీ ఉండేది కాదు. చివరలో ఒకే కోరిక: పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు అమ్మేవారిని కఠినంగా శిక్షించండి, నాలాంటి వాడికి డాక్టరు చీటీ మీదైనా దొరకనివ్వండి. ఎంపీలకీ, మంత్రులకీ, ఆరోగ్యశాఖకీ పదకొండు ఉత్తరాలు రిజిస్టర్డ్ పోస్టులో పంపారు. రసీదులన్నీ ఫైల్లో తేదీల వారీగా ఉన్నాయి.

ఇక్కడ మా ఆవిడ సంగతి చెప్పకపోతే అబద్ధం రాసినట్టవుతుంది. ఆమె హైస్కూల్ టీచర్. కృష్ణకి వరదొచ్చి బ్యారేజీ డెబ్బై గేట్లూ ఎత్తిన ఆగస్టు అది. ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా ఫోన్ నా ముందు పెట్టింది. "ఏమండీ, ఇది పెన్‌డ్రైవేనా?" ఫొటోలో నల్లగా, సన్నగా, ఒక పాడ్ పరికరం, లిక్విడ్ ముందే నింపి అమ్మే రకం ఈ-సిగరెట్. తొమ్మిదో తరగతి పిల్లవాడి జామెట్రీ బాక్సులో దొరికిందట. మామిడి పండు రుచి అట. ట్యూషన్ పిల్లలు ఆరుగురు మార్చి మార్చి లాగుతున్నారట. "వీళ్ళెవరూ సిగరెట్ మానేసిన వాళ్ళు కాదు కదండీ" అంది. నేను జవాబు చెప్పలేదు. ఏం చెబుతాను? అమెరికాలో అంతకుముందు ఏడాది హైస్కూలు పిల్లల్లో 20.8 శాతం మంది గడిచిన నెలలో ఈ-సిగరెట్ తాగామన్నారని సర్వే వచ్చిందని రెప్ ముందే చదివి వినిపించాడు. అప్పుడు అది అమెరికా గొడవ అనుకున్నాం. ఇప్పుడు మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద ఉంది.

మూడు శనివారాలు ఆ మాట ఘాట్ మీద చెప్పలేకపోయాను. నాలుగో వారం చెప్పాను. సాఫ్ట్‌వేర్ కుర్రాడు, "అన్నా, పిల్లలు బీరు తాగుతున్నారని వైన్ షాపులు మూశారా?" అని ఎదురడిగాడు. రెప్ కూడా అదే పాట. కొట్టు తమ్ముడు మాత్రం చాలాసేపు నీళ్ళ వైపు చూసి, "అన్నా, దాని మూత ఏ రంగు?" అని అడిగాడు. చెప్పాను. తల దించుకున్నాడు. "పెద్దవాళ్ళే కొన్నారన్నా. ఎవరి కోసం అని నేనడగలేదు" అన్నాడు. మర్నాడే ఆ సరుకంతా అర్లోంచి తీసేశాడు. పన్నెండు వేల రూపాయల సరుకు. ఎవరూ చెప్పకుండా, ఏ చట్టమూ రాకముందే తీసేశాడు. ఆ కుర్రాడి మీద నాకున్న గౌరవం మాటల్లో చెప్పలేను.

2019 సెప్టెంబరు 18, బుధవారం. మధ్యాహ్నం భోజనాల వేళ ఆఫీసు టీవీలో ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ ప్రెస్‌మీట్. ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధిస్తూ ఆర్డినెన్స్ తెస్తున్నామన్నారు. 400కు పైగా బ్రాండ్లున్నాయని, ఒక్కటీ మన దేశంలో తయారయ్యేది కాదని, 150కి పైగా ఫ్లేవర్లున్నాయని చెప్పారు. ప్లేటులో అన్నం కలిపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ రోజు సిగరెట్ కంపెనీల షేర్లు పెరిగాయని సాయంత్రానికి రెప్ మెసేజ్ పెట్టాడు. మాస్టారికి ఫోన్ చేశాను. "చూశానురా" అన్నారు. కాసేపాగి, "నా దగ్గర రెండు సీసాలున్నాయి. రెండు నెలలొస్తాయి" అన్నారు.

కాల్చేవాడికి శిక్ష లేదు. అమ్మితే మొదటిసారి ఏడాది దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మళ్ళీ దొరికితే మూడేళ్ళ దాకా, అయిదు లక్షల దాకా. నిల్వ ఉంచినా ఆరునెలల దాకా. ఉన్న సరుకు లిస్టు రాసి పోలీస్ స్టేషన్లో అప్పజెప్పాలి. కొట్టు తమ్ముడితో నేనూ వెళ్ళాను. ఆటోలో మూడు అట్టపెట్టెలు, వాడి ఒళ్ళో ఒకటి, నా ఒళ్ళో రెండు. కార్బన్ పెట్టి రాసిన లిస్టు. ఎస్సై గారు మర్యాదగానే మాట్లాడారు. ఒక సీసా ఎత్తి వెలుగులో చూసి, "ఇది తాగితే నిజంగా సిగరెట్ మానతారా?" అని అడిగారు. ఆయన జేబులో పెట్టె కనిపిస్తోంది. తమ్ముడు "కొందరు మానారు సార్" అన్నాడు. ఇంకేమీ అనలేదు. బయటికొచ్చాక చెట్టు కింద బండి మీద కాసేపు కూర్చున్నాడు. ఎదురుగా బడ్డీ కొట్టు. అక్కడ సిగరెట్లు దండలా వేలాడే షాంపూ ప్యాకెట్ల పక్కనే ఉన్నాయి, ఎప్పటిలాగే.

ఆ శీతాకాలం మా గుంపు కళ్ళన్నీ అమెరికా మీదే. ఇక్కడి నిషేధానికి వారం ముందు, సెప్టెంబరు 11న, ట్రంప్ కూడా వైట్‌హౌస్‌లో కూర్చుని పొగాకు రుచి తప్ప మిగతా ఫ్లేవర్లన్నీ ఆపేస్తామన్నారు. అక్కడి వేపర్లు ఊరుకోలేదు. 'వేప్ చేస్తాం, ఓటూ వేస్తాం' అని అట్టలు పట్టుకుని ఊరూరా తిరిగారు. నవంబర్లో వైట్‌హౌస్ దగ్గరికే వెళ్ళి నినాదాలు చేశారు. చివరికి 2020 జనవరి 2న వచ్చిన నిర్ణయం సగానికి తగ్గింది. పాడ్‌లలో పొగాకు, మెంథాల్ తప్ప మిగతా ఫ్లేవర్లు ఆపారు, మేము వాడే, లిక్విడ్ మనమే పోసుకునే ట్యాంకుల జోలికి రాలేదు. రెప్ ఆ వీడియోలు మళ్ళీ మళ్ళీ చూపించేవాడు. "చూశారా, ఓటుంటే వింటారు!" మాస్టారు తన అలవాటు ప్రకారం లెక్క చెప్పారు. 2016-17లో ప్రభుత్వమే చేయించిన సర్వేలో, దేశంలో పెద్దవాళ్ళలో 28.6 శాతం మంది పొగాకు ఏదో రూపంలో వాడేవాళ్ళు. ఈ-సిగరెట్ వాడేవాళ్ళు 0.02 శాతం. "పదివేల మందిలో ఇద్దరంరా మనం. ఆ ఇద్దరి కోసం ఏ పార్టీ ఎందుకు ఆగుతుంది?" ఆ మాటలో నిష్ఠూరం లేదు. బోర్డు మీద జవాబు రాసినట్టే చెప్పారు. మా ఏడుగురం నోరు మూసుకున్నాం.

అప్పుడే అమెరికాలో ఊపిరితిత్తుల జబ్బుతో మనుషులు చనిపోతున్నారన్న వార్తలు. మరుసటి ఫిబ్రవరి దాకా 2,807 మంది ఆసుపత్రి పాలైతే 68 మంది పోయారు. చాలావరకు గంజాయి నూనె క్యాట్రిడ్జ్‌లలో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ వల్లనని తర్వాత తేలింది. కానీ ఆ తేడా తేలేలోపు మా ఆవిడ నిద్రపోలేదు. రాత్రిళ్ళు నా వీపు మీద చెవి పెట్టి ఊపిరి వినేది. నాన్న ఊపిరి విన్న ఇల్లు కదా అది.

నవంబరు 27న లోక్‌సభలో, డిసెంబరు 2న రాజ్యసభలో బిల్లు పాసైంది. మాస్టారింట్లో టీవీ ముందు కూర్చుని చూశాం. మరి సిగరెట్లనెందుకు నిషేధించరని సభ్యులు అడిగారు. ఒక వస్తువుకి జనంలో అంత పెద్ద వాడకం, అంగీకారం వచ్చేశాక ఆపడం చాలా కష్టమని, అందుకే దీన్ని మొదట్లోనే ఆపుతున్నామని ఆరోగ్యమంత్రి హర్షవర్ధన్ చెప్పిన మాటల సారం. నేను అప్పుడూ ఇప్పుడూ ఆ వాదన సగమే ఒప్పుకుంటాను. మా ఆవిడ బడి పిల్లల కోసమైతే అది సరైన పనే, తల వంచి ఒప్పుకుంటాను. కానీ నలభై ఏళ్ళ తర్వాత సున్నాకి వచ్చిన మనిషికి తలుపు మూసి, నలభై దొరికే కొట్టు తెరిచి ఉంచడం అన్యాయం. ఆయన అడిగిన డాక్టరు చీటీ దారి ఒకటి ఉంచవలసింది. పదకొండు ఉత్తరాల్లో ఒక్కదానికైనా జవాబు రాయవలసింది. జవాబుగా వచ్చినవి అందినట్టు సంతకాలు చేసిన పసుపు కార్డులే. వాటిని కూడా ఆయన ఫైల్లో పెట్టుకున్నారు.

గుంపు చెదిరిపోయింది. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు బెంగళూరు వెళ్ళిపోయారు. రైల్వే అన్న పట్టుబట్టి అన్నీ మానేశాడు. రెప్ మళ్ళీ సిగరెట్‌కి వెళ్ళిపోయి, మా ఫోన్లు ఎత్తడం తగ్గించాడు. కొట్టు తమ్ముడు ఫోన్ కవర్లు, ఇయర్‌ఫోన్లు అమ్ముకుంటున్నాడు. నేను 3 దగ్గరే ఉన్నాను కనుక నికోటిన్ గమ్‌తో నెట్టుకొచ్చి, 2020 ఫిబ్రవరికి అదీ మానేశాను. మా ఆవిడ ఆ వారమంతా రోజూ ఏదో ఒక పిండివంట చేసింది.

మాస్టారికి గమ్ పడలేదు. కట్టుడు పళ్ళకి అతుక్కునేది, నోరు పూసేది. సంక్రాంతికి వెళ్ళినప్పుడు క్యాలెండర్ వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. పాత ఏడాది క్యాలెండర్ ఇంకా కింద కనిపిస్తోంది. డిసెంబరు పేజీ. 7వ తారీఖు దాకా సున్నాలు. 8న 1. తర్వాత 1, 2, 2, 5. కొత్త ఏడాది పేజీలో 9, 11, 14. ఆయన నా చూపు గమనించి, "రాయకపోతే లెక్క తప్పుతుందిరా" అన్నారు. ఆ రోజు నాకు పులిహోర మింగుడు పడలేదు.

ఇది జరిగి అయిదేళ్ళు దాటింది. మాస్టారికి ఇప్పుడు 71. ఇన్‌హేలర్ వాడుతున్నారు. పోయిన ఆదివారం వెళ్ళాను. మెట్లు దిగలేక పైనుంచే తాళంచెవి కొంగుకి కట్టి దింపమని అమ్మగారికి చెప్పారు. నేను తీసుకుని పైకెక్కాను. కాయిల్ సామాన్ల బిస్కెట్ డబ్బా టీవీ పక్కనే ఉంది. స్క్రూడ్రైవర్‌తో ఇప్పుడు కళ్ళజోడు బిగించుకుంటున్నారట. కాఫీ అయ్యాక లేచి, గోడ పట్టుకుని క్యాలెండర్ దగ్గరికి నడిచారు. పెన్సిలు దారంతో అక్కడే వేలాడుతోంది. ఆ రోజు గడిలో 6 వేశారు. నిన్నటిది 6, మొన్నటిది 7.

"నీది ఎంతరా?" అన్నారు, వెనక్కి తిరక్కుండానే.

"సున్నా మాస్టారూ."

ఆరు కింద, ఉన్న కొంచెం చోటులో, చిన్న సున్నా చుట్టారు.